లావు పిన్ను నోకియాకి చార్జింగ్ ఎక్కట్లేదా? చార్జర్ కొనేముందు ఇది చదవండి

మా అమ్మ ఇప్పటికీ నోకియా 1100 నే వాడుతుంది. మార్కాపురం దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటది, నేనుండేది హైదరాబాద్. టచ్ ఫోన్ రెండుసార్లు కొనిచ్చా, రెండుసార్లూ బీరువాలో పెట్టేసింది. "వేలికి తెలియాలి నాయనా నంబరు ఎక్కడుందో, కళ్ళజోడు వెతుక్కుని నొక్కేలోపు నువ్వు పెట్టేస్తావు" అంటది. ఆమె చెప్పింది నాకు సబబే అనిపించింది. ఆ ఫోన్ 2003లో వచ్చింది, దుమ్ము లోపలికి పోకుండా కీప్యాడ్ మొత్తం ఒకే రబ్బరు ముక్క, పైన టార్చి, రాత్రి కరెంటు పోతే దొడ్లోకి అదే తోడు. 2జీ సిగ్నల్ మా ఊర్లో ఇంకా బాగానే ఉంది. కాబట్టి నేను రాసేది పాత ఫోన్లు సరదాకి దాచుకునేవాళ్ళ కోసం కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు నిజంగా ఇవే వాడుతుంటే వాటిని నడిపించాల్సినవాళ్ళ కోసం.

పోయిన వానాకాలం మూడు రోజులు అమ్మ ఫోన్ స్విచాఫ్. మొదటి రోజు కరెంటు లేదేమో అనుకున్నా, రెండో రోజు ఆఫీసులో పని చేతికి రాలా, మూడో రోజు పొద్దున్నే పక్కింటి అత్త వాళ్ళబ్బాయికి చేస్తే వాడు పోయి చూసి ఫోన్ అమ్మకిచ్చాడు. "నాకేం కాలా, చార్జింగు పెడుతున్నా, ఎక్కట్లేదు" అంది. అంతే విషయం. ఆ రోజు నుంచి మూడు నెలల్లో నేను కొన్న చార్జర్లు, కేబుళ్ళు, చేయించిన రిపేరు, అన్నీ ఇక్కడ చెప్తా. ముందే ఒకమాట, నేను డబ్బులు తగలేసింది చార్జర్ల మీద, అసలు రోగం ఉన్నది ఫోన్ అడుగున ఉండే జాక్‌లో. అది తెలిసేసరికి నాలుగు వస్తువులు కొనేశా.

మొదట కొన్నది ఆన్‌లైన్‌లో లావు పిన్ను చార్జర్. పేజీలో ఒరిజినల్ అని రాసుంది, ₹249. అమ్మినవాళ్ళ పేరు అనవసరం, అట్లాంటివి పదిమంది ఉన్నారు అక్కడ. వచ్చిన డబ్బా మీద 5.7 వోల్టులు, 800 మిల్లీ ఆంపులు అని అచ్చేసుంది, అంటే నోకియా ఏసీపీ-12 అనే అసలు చార్జర్ మీద ఉండే అంకెలే. చేతిలోకి తీసుకుంటే అగ్గిపెట్టె అంత బరువు కూడా లేదు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే తేలిగ్గా ఉన్నంత మాత్రాన దొంగది అనుకోకూడదు. నోకియావే రెండు రకాలు వచ్చేవి. ఏసీపీ-7 లోపల రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది, అందుకే ఇటుకలా బరువు, 3.7 వోల్టులు, 355 మిల్లీ ఆంపులు, నెమ్మదిగా ఎక్కుతది. ఏసీపీ-12 స్విచింగ్ రకం, అంటే ఆ బరువైన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో నడిచేది, తేలిక, తొందరగా ఎక్కుతది. కాబట్టి బరువు చూసి తేల్చొద్దు, పిన్ను చూడండి. నాకొచ్చిన దాని పిన్ను ఒరిజినల్ పక్కన పెడితే కొస దగ్గర నున్నగా లేదు, అచ్చు గీత చేతికి తగుల్తోంది, మధ్యలో బొక్క కూడా ఒక పక్కకి జరిగుంది. ఫోన్‌లో పెడితే బిగువు లేదు. అరగంటకి చార్జర్ చెయ్యి పెట్టలేనంత కాలింది. వెనక్కి పంపిద్దామంటే రిటర్న్ లేదు, మార్చి ఇస్తామన్నారు, మార్చి ఇచ్చింది కూడా అదే సరుకు. నా దగ్గర దీనికి ఒక్క స్టార్ కూడా లేదు. పెద్దవాళ్ళు రాత్రి పెట్టి పడుకుంటారు, అంత కాలే వస్తువుని మంచం పక్కన పెట్టమని నేను చెప్పలేను.

లావు పిన్ను అంటే ఏంటో తెలియని పిల్లల కోసం చెప్తున్నా. నోకియా గుండ్రటి పిన్నులు రెండు, లావుది బయట కొలత 3.5 మిల్లీమీటర్లు, సన్నది 2 మిల్లీమీటర్లు. 3310, 1100, 6600 ఇవన్నీ లావు పిన్ను. 2005 నుంచి వచ్చిన మోడళ్ళలో మెల్లగా సన్న పిన్నుకి మారారు, ఎన్70, ఎన్73 అట్లా. ఇయర్‌ఫోన్ జాక్ కూడా 3.5 అనే కదా అని ఒకాయన నన్ను అడిగాడు, దానికీ దీనికీ సంబంధమే లేదు. ఇయర్‌ఫోన్‌ది గట్టి కడ్డీ, మీద చారలుంటాయి. చార్జర్ పిన్ను గొట్టంలా బోలుగా ఉంటది, ఫోన్ జాక్ మధ్యలో సూది లాంటి కాలు ఉంటది, అది గొట్టం లోపలికి దూరుతది, పక్కనుంచి ఒక రేకు స్ప్రింగు గొట్టం బయటి వైపు ఒత్తుకుంటది. సూది ప్లస్సు, పక్క రేకు మైనస్సు. ఈ రెండు చోట్ల గట్టిగా తగిలితేనే చార్జింగ్. ఆ రేకు బిగువు పోవడమే మా అమ్మ ఫోన్ జబ్బు. ఏళ్ళ తరబడి రోజూ పెట్టి తీసి, పెట్టి తీసి ఆ రేకు వెనక్కి ఒంగిపోయింది. అందుకే మనందరం అప్పట్లో పిన్నుని ఒక పక్కకి లాగి రబ్బరు బ్యాండు చుట్టేవాళ్ళం, ఫోన్ మీద నిఘంటువు బరువు పెట్టేవాళ్ళం, స్క్రీన్ కుడిపక్క గీతలు కిందనుంచి పైకి పాకితే ఊపిరి పీల్చుకుని, కదపొద్దు కదపొద్దు అని ఇంట్లో అందరికీ చెప్పేవాళ్ళం.

రెండోది కొన్నది పది పిన్నుల కేబుల్. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర ఆక్టోపస్ కాళ్ళలా పది కొసలు. కోఠిలో రోడ్డు మీద బండి దగ్గర ₹120. ఇది నాకు పనికొస్తుందని ఎందుకనుకున్నానంటే మా ఇంట్లో అమ్మ ఫోన్ ఒక్కటే కాదు, ఒక బిస్కెట్ డబ్బాలో నావి పాతవి ఇంకో నాలుగున్నాయి, ఎన్73, సోనీ ఎరిక్సన్ డబ్ల్యూ810, మోటోరోలా రేజర్ వీ3, శామ్‌సంగ్ ఈ250, నాలుగింటికీ నాలుగు రకాల మూతులు. ఒక్క కేబుల్‌తో అన్నీ లేస్తాయని ఆశపడ్డా. లావు పిన్ను కొస 1100 లో దూరింది, గీతలు కదిలాయి, 5 వోల్టుల మీద కూడా బానే ఎక్కింది, ఒప్పుకోవాలి. సన్న పిన్ను కొస ఎన్73 లో పర్లేదు. శామ్‌సంగ్ కొస వదులు, చేత్తో పట్టుకుంటే ఎక్కుతది, వదిలితే ఆగుతది. సోనీ ఎరిక్సన్ కొసకి రెండు పక్కలా కొక్కేలుండాలి, అవి ఫోన్ అడుగున బొక్కల్లో పట్టుకుంటాయి, దీంట్లో ఆ కొక్కేలు ఉత్త ప్లాస్టిక్, రెండో రోజే ఒకటి విరిగింది.

రేజర్ సంగతి వేరే, అది నాకు బాగా నచ్చిన ఫోన్ కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తా. దాని మూతి మినీ యూఎస్‌బీ, కేబుల్‌లో మినీ యూఎస్‌బీ కొస ఉంది, బిగువుగా దూరింది కూడా, కానీ స్క్రీన్ మీద చార్జ్ చేయలేను అని మెసేజ్. కేబుల్ చెడిపోయిందని మొదట తిట్టుకున్నా. కానీ తప్పు కేబుల్‌ది కాదు. మినీ యూఎస్‌బీలో ఐదు కాళ్ళుంటాయి, మనం మామూలుగా వాడే కేబుళ్ళలో ఒక కాలు ఖాళీ. మోటోరోలా చార్జర్‌లో ఆ కాలికి ఒక రెసిస్టర్, అంటే కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క, పెట్టారు, ఫోన్ ముందు దాన్ని చూస్తది, ఉంటేనే ఇది మా చార్జర్ అని కరెంటు తీసుకుంటది. కంప్యూటర్‌కి పెడితే, దాంట్లో డ్రైవర్, అంటే ఫోన్‌ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, వేసుంటే మెల్లగా ఎక్కుతది. అంటే మూతి సరిపోయినంత మాత్రాన చార్జింగ్ ఎక్కుతుందని లేదు. ఈ సంగతి ఇప్పటి టైప్-సీ కాలంలో కూడా గుర్తు పెట్టుకోవాల్సిందే.

మొత్తానికి పది పిన్నుల కేబుల్‌కి ఐదుకి రెండు ఇస్తా. ఒక ఫోన్ అర్జెంటుగా లేపి నంబర్లు రాసుకోవడానికి ఓకే, రోజూ వాడకానికి వద్దు, తీగలో రాగి మరీ సన్నం.

మూడోది బ్యాటరీ తీసి పెట్టే క్లిప్పు చార్జర్. ఇది చూడగానే అందరికీ గుర్తొస్తది, బట్టల క్లిప్పులా నోరు తెరుస్తది, లోపల రెండు తీగ ముళ్ళు, అటూ ఇటూ జరుగుతాయి, ప్లగ్గులో పెడితే రంగురంగుల లైట్లు. ₹90 కి వచ్చింది, అబిడ్స్‌లో. నిజం చెప్పాలంటే ఆ మూడు నెలలు మా అమ్మతో నన్ను మాట్లాడించింది ఇదే. జాక్ పాడైన ఫోన్‌కి ఇంతకంటే తేలికైన దారి లేదు, జాక్‌తో పనే లేదు కదా. 1100 లో ఉండేది బీఎల్-5సీ బ్యాటరీ, మూడు కాంటాక్టులుంటాయి, దాంట్లో రెండు ప్లస్, మైనస్, మూడోది ఇది ఏ బ్యాటరీ అని ఫోన్‌కి చెప్పడానికి. ముళ్ళని కరెక్టుగా ప్లస్, మైనస్ గుర్తుల మీదే ఆనించాలి, మూడో దాని మీద పెడితే లైటు రాదు, చార్జర్ పోయిందనుకుంటారు. చాలావాటిలో ముళ్ళు అటుదిటు అయినా అదే సర్దుకుంటది. మా అమ్మకి వీడియో కాల్‌లో చూపించే వీలు లేదు కాబట్టి పోయిన పండక్కి వెళ్ళినప్పుడు బ్యాటరీ మీద నెయిల్ పాలిష్‌తో రెండు చుక్కలు పెట్టి, ఈ చుక్కలకి ఈ ముళ్ళు తగలాలమ్మా అని చేయించి చూపించి వచ్చా. రెండు బ్యాటరీలు ఉంచా, ఒకటి ఫోన్‌లో, ఒకటి క్లిప్పులో.

కానీ దీంతో భయం కూడా ఉంది, దాచకుండా చెప్తా. లిథియం బ్యాటరీ 4.2 వోల్టుల దగ్గర ఆగిపోవాలి, ఫోన్ లోపల ఉంటే ఆ లెక్క ఫోన్ చూసుకుంటది. ఈ ₹90 వస్తువు సరిగ్గా అక్కడే ఆపుతుందనే నమ్మకం నాకు లేదు. పగలు, కళ్ళముందు, రెండు మూడు గంటలు, అంతే. రాత్రి పెట్టి పడుకోవద్దు అని అమ్మకి ఒట్టు పెట్టించుకున్నా. ఇంకోటి, బ్యాటరీ ఉబ్బిందేమో చూసుకోండి. బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పండి, బొంగరంలా తిరిగితే మధ్యలో ఉబ్బినట్టు, దాన్ని మళ్ళీ చార్జింగ్ పెట్టొద్దు, చెత్తలో కూడా వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. 3310 తో వచ్చిన బీఎంసీ-3 బ్యాటరీని అసలు దీంట్లో పెట్టనే వద్దు, అది లిథియం కాదు, నికెల్ రకం.

బీఎల్-5సీ అనగానే 2007 ఆగస్టు గుర్తొస్తది. జపాన్‌కి చెందిన మత్సుషితా కంపెనీ 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ మధ్య చేసిన బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కొచ్చు, మార్చి ఇస్తాం అని నోకియా చెప్పింది, ఆ రకంవి 4.6 కోట్లు. అప్పుడు నేను డిగ్రీ. పేపర్లో రాగానే ఊర్లో ప్రతివాడూ వెనక డొప్ప తీసి బ్యాటరీ మీద నంబర్ చూసుకోవడమే, కొంతమంది నోకియా ఫోన్ పట్టుకోవడానికే భయపడ్డారు. మా నాన్న బ్యాటరీ ఆ లిస్టులోది కాదు, అయినా నెల రోజులు ఆయన ఫోన్‌ని చొక్కా జేబులో పెట్టుకోలా, సంచిలో వేసుకుని తిరిగాడు. అమ్మ చేతిలో ఇప్పుడున్న 1100 ఆయనదే.

ఇంక అసలు రివ్యూ, రిపేరు. హైదరాబాద్‌లో సెల్‌ఫోన్ షాపులుండే జగదీష్ మార్కెట్‌కి ఒక శనివారం ఫోన్ పట్టుకుపోయా. ముందు పక్క షాపులన్నీ ఐఫోన్ స్క్రీన్లు, డిస్‌ప్లేలు, అడిగితే "భయ్యా, ఇది పడేసి కొత్త కీప్యాడ్ ఫోన్ తీసుకో" అన్నారు ముగ్గురు. నాలుగోవాడు లోపలికి వేలు చూపించాడు. సందులో చిన్న కౌంటర్, పెద్దాయన, కంటికి భూతద్దం బిగించుకుని కూచున్నారు. పేరు రాయను, ఆయన్ని అడగలా కాబట్టి. 1100 చూడగానే చేతిలోకి తీసుకుని వెనక్కి ముందుకి తిప్పి, "మంచి సెట్టు అన్నా, ఎవరిది" అన్నారు. అమ్మది అన్నా. ఆయన చార్జర్ అడగలేదు, బ్యాటరీ అడగలేదు, జాక్‌లోకి టార్చి కొట్టి చూసి "రేకు పడుకుంది" అన్నారు. రెండు ముక్కల్లో మూడు నెలల గోల తేల్చేశారు.

టీ6 స్టార్ స్క్రూడ్రైవర్‌తో స్క్రూలు తీశారు. అక్కడ నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది, ఆ జాక్ ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డుకి సోల్డరింగ్ చేసి లేదు. ప్లాస్టిక్ గుల్లలో కూచుని ఉంటది, దాని వెనక ఉన్న స్ప్రింగు కాళ్ళు బోర్డు మీద బంగారు పూత చుక్కలకి ఒత్తుకుంటాయి, స్క్రూలు బిగిస్తే ఆ ఒత్తిడే కనెక్షన్. పాతది వేలితో లాగేశారు, ఒక డొక్కు సెట్టు నుంచి తీసిన జాక్ పెట్టారు, బోర్డు మీద చుక్కల్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచారు, మళ్ళీ బిగించారు. పది నిమిషాలు కూడా పట్టలా, ₹150. 3310 అయితే అడుగు ముక్కలోనే మైకు కూడా ఉంటది, అందుకే వాటిలో ఆ ముక్క పోతే చార్జింగుతో పాటు మాట కూడా వినపడేది కాదు, మారిస్తే రెండూ ఒకేసారి బాగయ్యేవి అని ఆయనే చెప్పారు. నేను ₹200 ఇస్తే ₹50 వెనక్కిచ్చి, ఇంకో జాక్ అడిగితే అదే డొక్కు పెట్టెలోంచి తీసి ₹40 కి కాగితంలో చుట్టి ఇచ్చారు. కొత్తవి దొరకవా అంటే కొత్తవని చెప్పి అమ్మేవాటి రేకు మెత్తన, పాత సెట్టులోదే గట్టిది అన్నారు. నిజమే అయ్యుంటది, చెన్నై పక్కన శ్రీపెరంబుదూర్‌లో 2006లో మొదలైన నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబర్‌లో మూతపడింది, ఇన్నేళ్ళ తర్వాత అసలు సరుకు ఎక్కడ్నుంచి వస్తుంది.

ఆ కౌంటర్‌కి ఐదుకి ఐదు. నాకు కోపం తెప్పించేది ఒకటే, ముందు పక్క షాపుల్లో కుర్రాళ్ళకి పని రాక కాదు, ₹150 పని మీద చెయ్యి పెట్టడం ఇష్టం లేక పడేయమంటున్నారు. పడేయమన్నది మా నాన్న ఫోన్.

ఇప్పటి ఫోన్లతో పోల్చి చూస్తే ఆ గుండ్రటి జాక్ విలువ తెలుస్తది. 2009లో యూరప్‌లో పెద్ద కంపెనీలు కూచుని అందరికీ మైక్రో యూఎస్‌బీ అని ఒప్పుకున్నాయి, మంచిదే, ఇంటికో చార్జర్ చాలు. మైక్రో యూఎస్‌బీ తయారుచేసినవాళ్ళు కూడా ఆలోచించే చేశారు, తొందరగా అరిగే స్ప్రింగు కాళ్ళని ఫోన్ వైపు కాకుండా కేబుల్ వైపు పెట్టారు, అరిగితే కేబుల్ మారిస్తే సరిపోతుందని, పదివేల సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలని లెక్క. కానీ ఒక పక్కే దూరుతది, చీకట్లో మా అమ్మలాంటివాళ్ళు తిరగేసి తోస్తారు, లోపల నాలుక విరుగుద్ది, జాక్ ఏమో బోర్డుకి సోల్డరింగ్, గట్టిగా లాగితే బోర్డు మీద రాగి పట్టీ కూడా లేచొస్తది, అప్పుడు ₹150 తో అయ్యే పని కాదు. గుండ్రటి పిన్ను ఎటు తిప్పి పెట్టినా దూరుతది. ఎటు తిప్పినా అనే మాట మళ్ళీ వినడానికి 2012లో ఐఫోన్ లైట్నింగ్, 2014లో టైప్-సీ దాకా ఆగాల్సొచ్చింది. నాకు టైప్-సీ మీద కోపం లేదు, మన దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ కూడా 2023లో దానికి స్టాండర్డ్ ఇచ్చింది, రావాల్సిందే. బోర్డుకి అతికించకుండా విడిగా ఊడొచ్చే జాక్ అన్ని ఫోన్లలో పెట్టి ఉంటే ఇంకా బాగుండేది అని మాత్రం గట్టిగా అంటా, కొన్నిటిలో మెయిన్ బోర్డుకి విడిగా ఉండే చిన్న సబ్ బోర్డు మీద పెడుతున్నారు, అవి నయం.

ఎన్73 గురించి చెప్పడం మర్చిపోతున్నా. దానికి సీఏ-44 అని నోకియావాళ్ళదే చిన్న తోక ఉంటది, ఒక చివర లావు పిన్ను దూరే బొక్క, ఇంకో చివర సన్న పిన్ను. అంటే పాత లావు చార్జర్‌తో కొత్త సన్న పిన్ను ఫోన్ చార్జ్ చేసుకోవచ్చు. వేలెడంత కూడా ఉండదు. 2006లో నేను ఎన్73 కొన్నప్పుడు డబ్బాలో వచ్చింది, సెలవులకి ఊరెళ్తే నా చార్జర్ మోసుకెళ్ళే పనే లేదు, నాన్న చార్జర్‌కి ఈ తోక తగిలించి పెట్టేవాడిని, ఆయనది ఏసీపీ-7 కాబట్టి రాత్రంతా పట్టేది, పట్టనీ, పొద్దున్నకి నిండేది. ఒక కంపెనీ పిన్ను మార్చి, పాత చార్జర్లు పారేయక్కర్లేదు అని తనే తోక ఇవ్వడం నాకు అప్పుడు చాలా మామూలుగా అనిపించింది, ఇప్పుడు అట్లా ఎవరిస్తున్నారు, చాలామంది డబ్బాలో చార్జరే ఇవ్వట్లేదు. ఇప్పటికీ పని చేస్తోంది నాది. బజార్లో దొరికే నకిలీ తోకలు ₹30, ₹40, ఒకటి కొని చూశా, వారంలో సన్న పిన్ను వంగింది. సన్న పిన్ను నిజంగానే బలహీనం, పిన్ను మీద ఫోన్ బరువు పడితే చాలు వంగుద్ది, లావు దానికి ఆ బాధ లేదు. ఎన్73 కి డేటా కేబుల్ పెడితే చార్జింగ్ ఎక్కదు, అది పాటలు ఫోటోలు ఎక్కించుకోవడానికే, అది తెలియక రాత్రంతా కంప్యూటర్‌కి పెట్టినవాళ్ళున్నారు.

ఇంట్లోనే చేసుకోదలిచినవాళ్ళకి, షాపుకి పోయేముందు ఒక ప్రయత్నం. ఫోన్ ఆపండి, బ్యాటరీ తీసెయ్యండి, తప్పకుండా తీసెయ్యండి. టూత్‌పిక్‌కి కాస్త దూది చుట్టి ఐసోప్రొపైల్ స్పిరిట్‌లో ముంచి జాక్ లోపల తిప్పండి, మా అమ్మ ఫోన్ నుంచి పసుపు, పిండి, జేబులో నూలు అన్నీ వచ్చాయి. ఆరాక చార్జర్ పెట్టి చూడండి. అప్పటికీ పక్కకి లాగితేనే ఎక్కుతోందంటే రేకు పడుకున్నట్టు, గుండుసూదితో లేపే పని నాకు తెలిసినవాళ్ళు చాలామంది చేశారు, నేనూ ఒకప్పుడు చేశా, రెండు వారాలు ఆడింది, తర్వాత రేకు విరిగింది. కాబట్టి జాక్ మార్పించండి.

రిపేరు అయి ఆరు నెలలైంది, నాన్న ఏసీపీ-7 తోనే పెడుతోంది అమ్మ, వెచ్చగా ఉంటది తప్ప కాలదు. ₹40 జాక్ నా పర్సులోనే ఉంది. క్లిప్పు చార్జర్ ఇంట్లోనే ఉంచా, వానాకాలం కదా.

డబ్ల్యూ810 కి మాత్రం మంచి చార్జర్ ఇంకా దొరకలా. కొక్కేలు గట్టిగా ఉన్న సీఎస్‌టీ-60 ఎవరి దగ్గరైనా వాడకుండా పడుంటే చెప్పండి, ఆ చార్జర్ మూతి వెనకే హెడ్‌ఫోన్ పెట్టుకునే ఇంకో మూతి ఉంటది చూడండి, అదే కావాలి నాకు, డబ్బులిచ్చి తీసుకుంటా.